గొడుగుకి ఏ రంగు వేద్దామంటారు?

సలహాలిచ్చే మామయ్యలు ఏ వీధిలోనైనా దొరుకుతారు. సలహాలు అడిగే మామయ్య మాత్రం ఆ ఊరు మొత్తానికి ఒక్కడే. అందుకే చిన్నా పెద్దా అందరూ ఆయన్ని సలహాల మామయ్య అనేవారు. ఎవరినో ఒకరిని అడక్కుండా ఆయన చేతిరుమాలు కూడా మడిచేవాడు కాదు. "అడ్డంగా మడవమంటారా, నిలువుగానా?" అని పక్కవాణ్ణి అడిగేవాడు. పక్కవాడు ఏదో ఒకటి చెప్పి వదిలించుకుందామనుకునేవాడు. మామయ్య ఆ మాట శ్రద్ధగా విని, తల పంకించి, ఇటు పక్కనున్నవాడి వైపు తిరిగేవాడు. "వారు అడ్డంగా అంటున్నారు. మీరేమంటారు?"

సెలూన్‌కి వెళ్తే అద్దానికి వీపు పెట్టి, వెనక బెంచీ మీద కూర్చున్నవాళ్ళకు ఎదురుగా కుర్చీ తిప్పించుకునేవాడు. "చెవుల మీద జుట్టు ఉంచమంటారా, తీయించమంటారా?" ఒకసారి ఆ బెంచీ రెండు పార్టీలుగా చీలింది. వాదన తేలేలోపు బార్బరుకి భోజనాల వేళయింది. మామయ్య కుడిచెవి బయటపెట్టుకుని, ఎడమచెవి దాచుకుని ఇల్లు చేరాడు.

"ఇదేమిటండీ ఈ అవతారం?" అంది అత్తయ్య.

"ఇంకా చర్చల్లో ఉంది," అన్నాడు మామయ్య.

ఊరికి కొత్తగా వచ్చినాయన ఒకడు బస్టాండుకి ఎటు వెళ్ళాలని అడిగాడట. "కుడివైపు దగ్గర. ఎడమవైపు నీడ. మీరేమంటారు?" అన్నాడట మామయ్య. ఆ పెద్దమనిషికి బస్సు తప్పిపోయింది. అయితే, రెండో బస్సు వచ్చేదాకా మామయ్య వాళ్ళింట్లో టీ తాగుతూ తన ఇంటి గోడకు ఏ సున్నం వేయించాలో, కొడుకుని ఏ చదువు చదివించాలో మనసారా చెప్పుకుని వెళ్ళాడు.

ఈ జబ్బు పుట్టుకతోనే వచ్చిందని అత్తయ్య అభిప్రాయం. పెళ్ళి మాటలప్పుడు పెద్దవాళ్ళు "అబ్బాయ్, నీకిష్టమేనా?" అని అడిగితే, ఈయన గుమ్మం చాటున నిలబడ్డ అమ్మాయి వైపు తిరిగి "మీరేమంటారు?" అన్నాడు. ఆ రోజుల్లో ఆ మాట అమ్మాయిని అడిగేవాడెవడు? అత్తయ్య ఆ ఒక్క ముక్కకే పడిపోయింది. "పెళ్ళయ్యాక తెలిసింది, వీధిలో పాలవాణ్ణి కూడా అదే మాట అడిగి లోపలికొచ్చాడని," అనేది. ఆ తర్వాత ఒక నిట్టూర్పు. "అంతే. మళ్ళీ నన్ను ఏదీ అడిగిన పాపాన పోలేదు. ఊరందరినీ అడుగుతాడు. ఇంట్లో మనిషిని తప్ప."

ఈ వైభవమంతా దగ్గరుండి అనుభవించింది మేనకోడలు. ఆమె ఎలక్ట్రీషియను. మామయ్య ఇంటి ముందు షెడ్డులో ఇద్దరూ కలిసి పాత ఆట మెషిన్లు బాగుచేసేవారు. తీగలు, బల్బులు, స్విచ్చులు ఆమెవి. చెక్క, రంగు ఆయనవి.

అంతకుముందు మామయ్య బల్బుల ఫ్యాక్టరీలో ఫిట్టరు. ఆ వీధిలో సగం మంది అక్కడివాళ్ళే. ఒక పొద్దున షిఫ్టుకి వెళ్ళేసరికి గేటుకి తాళం ఉంది. తాళం పక్కన ఒక కాగితం ఉంది. ఆ కాగితం అంటించేముందు లోపల పనిచేసేవాళ్ళను "మీరేమంటారు?" అని ఎవరూ అడగలేదు. అడిగే అలవాటే ఉంటే ఆ కాగితం అవసరమే పడేది కాదు.

ఫ్యాక్టరీ పోయినా దాని కార్మికుల క్లబ్బు మిగిలింది. క్లబ్బులో ఆటల గది, ఆటల గదిలో ఒక పిన్‌బాల్ మెషిన్. ఏటవాలుగా ఉండే పెట్టె, పైన అద్దం, అద్దం కింద బొమ్మలు వేసిన చెక్కపలక. రెండు పక్కలా మీటలు నొక్కుతూ ఉక్కు గుండుని కిందికి జారిపోకుండా పైకి తన్నుతూ ఉండాలి. గుండు తగిలిన చోటల్లా గంట మోగుతుంది, దీపం వెలుగుతుంది. షిఫ్టు దిగినవాళ్ళు స్నానాలు కూడా మాని వరుస కట్టిన ఆట అది.

పలక మీద బొమ్మ ఒక సర్కస్. మధ్యలో ఒంటిచక్రం సైకిలు తొక్కే అమ్మాయి, ఆమె చేతిలో గొడుగు. ఏళ్ళ తరబడి గుండు ఆ గొడుగు మీదుగానే దొర్లి దొర్లి, రంగంతా చెక్క దాకా లేచిపోయింది. ఇప్పుడా అమ్మాయి ఉత్త కర్ర పట్టుకుని ఎవరినో కొట్టడానికి సైకిలేసుకుని బయల్దేరినట్టుంది. మెషిన్ కూడా మూగబోయి చాలాకాలమైంది. గదికి వచ్చేవాళ్ళు లేరు.

ఖాళీ గదిని చూస్తే క్లబ్బు కార్యదర్శికి నిద్రపట్టదు. మంచివాడే, కానీ ఫ్యాక్టరీలో స్టోర్స్ చూసిన మనిషి. ఆటల గదిని ఒక పార్సిళ్ళ కంపెనీకి గోదాముగా ఇచ్చేద్దామన్నాడు.

"సభ్యుల సమావేశం దాకా ఆగండి," అంది మేనకోడలు. "ఈలోపు మెషిన్ వెలిగిస్తాం. మెషిన్ వెలిగితే జనం వాళ్ళే వస్తారు."

"రావాలిగా తల్లీ. కోరం లేకపోతే ఇక కమిటీదే నిర్ణయం. కిందటి సమావేశానికి ఎవరొచ్చారో తెలుసా? నేను, వాచ్‌మన్, వాన తగ్గేదాకా నిలబడ్డ పోస్ట్‌మన్."

"ఈసారి వస్తారు."

"మాటేనా?"

"మాటే."

మాటిచ్చింది ఆమె. రంగు వేయాల్సింది మామయ్య. తంటా అక్కడే వచ్చింది.

ఆమె తన పని చకచకా ముగించింది. తీగలు మార్చింది, గంటలు మోగించింది, బల్బులన్నీ పెట్టింది. పలక కింద ఎక్కడ చెయ్యిపెట్టినా మామయ్య అభ్యంతరం చెప్పలేదు. ఆడేవాడి వైపు, గుండు జారిపడే చోట, పలక మీద ఒక రేకు బిగించి ఉంటుంది. దాని జోలికి మాత్రం వెళ్ళనివ్వలేదు.

"ఆ రేకు ముట్టుకోకు అమ్మడూ. మరలు తుప్పుపట్టాయి. విప్పబోతే పలక చీలుతుంది."

మామయ్య జన్మలో ఎవరినీ అడక్కుండా చెప్పిన మాట అదొక్కటే. మేనకోడలు అప్పుడే అనుమానించాల్సింది.

ఇక గొడుగు మిగిలింది. అరిగిన బొమ్మని కుంచెతో నింపితే అతుకు తెలిసిపోతుంది. దానికి ఎయిర్‌బ్రష్ కావాలి. పెన్ను లాంటి గొట్టం, లోపల సూది, వెనక గాలిమోటారు. మీట నొక్కితే గాలి, వెనక్కి లాగితే రంగు. చెక్క మీద రంగు పొగమంచులా దిగుతుంది. బజారుకెళ్ళి కొత్తది ఒకటి తెచ్చుకుంటే పని ఒక పూటలో తెమిలిపోతుంది. మామయ్య బజారుకి వెళ్ళలేదు. సలహాలకి బయల్దేరాడు. మేనకోడలు తోడు వెళ్ళక తప్పలేదు.

మొదట కార్ల పెయింటరు దగ్గరికి. అతని షెడ్డు రోడ్డు మలుపులో ఉంది. బైపాస్ రోడ్డు పడ్డాక కార్లు ఆ మలుపు తిరగడం మానేశాయి. అతను షెడ్డు ముందు కుర్చీ వేసుకుని, రాని కార్లని లెక్కపెడుతూ కూర్చుని ఉన్నాడు. మామయ్య జేబులోంచి ఒక పాత ఎయిర్‌బ్రష్ తీసి చూపించాడు.

"ఇదేమిటి మామా, దోమకి సూదిమందా?" అన్నాడు పెయింటరు. లోపలికెళ్ళి తన స్ప్రే గన్ను తెచ్చాడు. దాని గిన్నెలో పిల్లాడికి స్నానం చేయించవచ్చు. "పని చేస్తే దీంతో చేయాలి."

"దీంతో గొడుగు ఎంతసేపట్లో అవుతుందంటావు?"

"చిటికెలో."

"అమ్మాయి మీద పడకుండానా?"

"అమ్మాయి, సైకిలు, ఏనుగు, ఆడేవాడి చొక్కా. అన్నీ ఒక్క చిటికెలో అయిపోతాయి మామా."

మామయ్య తల పంకించి, "ఆలోచించాల్సిన మాటే. సాయంత్రం క్లబ్బు దగ్గరికి వచ్చి పలక ఒకసారి చూసిపో," అన్నాడు. వీధిలోకొచ్చాక మేనకోడలు, "ఆ గన్నుతో గోడలకి రంగేస్తారు మామయ్యా," అంది. "అలాగా? అతను చూశాక ఏమంటాడో," అన్నాడు మామయ్య.

రెండో సలహా కేకులావిడ దగ్గర. కేకు మీద పూలు, పేర్లు ఎయిర్‌బ్రష్‌తో వేయడంలో ఆవిడ చెయ్యి తిరిగిన మనిషి. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఊళ్ళో పుట్టినరోజులు ఆగలేదు గానీ కేకులు ఆగాయి.

"గిన్నె పైనుండాలన్నయ్యా," అంది ఆవిడ. "కింద సీసా ఉండేదైతే రంగు పైకి పీల్చడానికి గాలి జోరు పెంచాలి. జోరు పెంచితే చిందుతుంది. పైన గిన్నె ఉంటే రంగు తనంతట తనే దిగుతుంది. చుక్క రంగుతో పువ్వు వేయొచ్చు. చూపిస్తానుండండి."

"దేని మీద చూపిస్తారు?"

"కేకెక్కడుంది? మీరే ఉన్నారు."

మామయ్య చెంప మీద నీలం గులాబీతో ఇల్లు చేరాడు. రేకు రేకు విడిగా కనబడే గులాబీ.

"ఇదెవరి సలహా?" అంది అత్తయ్య.

"పైగిన్నె వాళ్ళ సలహా. నున్నగా రాలేదూ?"

"నన్నా అడుగుతున్నారు?"

మామయ్య గబగబా పెరట్లోకి వెళ్ళిపోయాడు.

మూడోది కష్టమైన గుమ్మం. బోర్డుల ఆర్టిస్టు ఇల్లు. ఊళ్ళో ప్రతి దుకాణం మీదా ఒకప్పుడు ఆయన చేతిరాతే. అచ్చేసిన బ్యానర్లు వచ్చాక ఆయన కుంచెలు డబ్బాలో పడ్డాయి, ఆయన ఇంట్లో ఉండిపోయాడు. తలుపు కొడితే తీసేవాడు కాదు. మామయ్య తలుపు బయటే మెట్టు మీద కూర్చుని, మూసిన తలుపుతో మాట్లాడాడు.

"అన్నా, పిన్‌బాల్ పలక మీద గొడుగు అరిగిపోయింది. ఎయిర్‌బ్రష్ సూది ఎంత సన్నంగా ఉండాలంటావు?"

"గాలితో రంగేయించేవాడికి చెయ్యి లేనట్టు," అంది తలుపు.

"అదే నా అనుమానం కూడా. అందుకే నీ దగ్గరికొచ్చాను."

"నా దగ్గరేముంది? పో."

మామయ్య వెళ్ళిపోయాడు. మర్నాడు పొద్దున్నే క్లబ్బు తలుపు తీసేసరికి బోర్డుల ఆర్టిస్టు మెట్ల మీద నిలబడి ఉన్నాడు. గడ్డం గీసుకున్నాడు. చేతిలో భూతద్దం ఉంది. "నువ్వు తగలేస్తావని భయంతో వచ్చాను. నిన్ను చూడ్డానికి కాదు," అన్నాడు.

ఇక రంగుల గొడవ. కార్ల పెయింటరుది థిన్నర్ కలిపే రంగు. కేకులావిడది నీళ్ళు కలిపే రంగు. ఇద్దరూ ఒకే గదిలో, ఒకే పలక ముందు. పాత మెషిన్ ఒకదాని విరిగిన పలక తెచ్చి పరీక్ష పెట్టారు. థిన్నర్ రంగు తగలగానే పాత రంగు కరిగింది. తుడవబోతే ఆ విరిగిన పలక మీది జోకరు ముక్కు దూదితోపాటు ఊడొచ్చింది.

"జోకరుకి ముక్కెందుకు?" అన్నాడు పెయింటరు.

నీళ్ళ రంగు పాతదాన్ని ఏమీ అనలేదు. కానీ సూది కొసన ఆరిపోయి, తుప్పర్లు తుప్పర్లుగా పడింది. జోకరు పక్కనున్న ఏనుగుకి అమ్మవారు పోసినట్టయింది.

"చూశారా?" అన్నాడు పెయింటరు.

"సూది కొస తుడుచుకుంటూ వేయాలి నాయనా. పని మధ్యలో గిన్నె కడుక్కోనివాడికి వంటేం వస్తుంది, రంగేం వస్తుంది?" అంది కేకులావిడ.

బోర్డుల ఆర్టిస్టు కుర్చీలోంచి లేచాడు. "నీళ్ళ రంగే వేయాలి. పలచగా, పొర మీద పొర. దాని మీద గుండు దొర్లాలి కాబట్టి పైన గట్టి వార్నిష్ పడాలి. ఆ వార్నిష్ ఇతనిది. మాస్కు కట్టుకుని, తన షెడ్డులో వేస్తాడు. ఇంకోమాట. రంగు కలిపి ఎండలో చూసుకోవద్దు. మెషిన్లో బల్బు కింద చూడాలి. అది బతికేది ఆ వెలుతుర్లో."

అందరూ ఒప్పుకున్నారు. మేనకోడలు ఊపిరి పీల్చుకుంది. "పైగిన్నె బ్రష్షు, సన్నసూది, నీళ్ళ రంగు, పైన వార్నిష్. అంతా తేలిపోయింది కదా మామయ్యా. రేపు వేసేద్దాం."

"వేసేద్దాం," అన్నాడు మామయ్య. వెళ్ళబోతున్నవాళ్ళ వైపు తిరిగాడు. "అవునూ, ఇంతకీ ఆ గొడుగు ఏ రంగుండేదంటారు?"

అదిగో, కొంప అక్కడ మునిగింది.

"ఎరుపు," అన్నాడు పెయింటరు.

"నీలం," అంది కేకులావిడ.

"నారింజ," అన్నాడు బోర్డుల ఆర్టిస్టు. "ఆ నారింజ చూసే కదా, బట్టల కొట్టు బోర్డుకి అదే వేశాను."

పలక మీద చూద్దామంటే గొడుగు చోట ఉత్త చెక్క. మిగిలిన రంగులు కూడా ఎండకి వెలిసిపోయి అన్నీ ఒకే గోధుమ రంగుకి దిగాయి. మామయ్య వీధిన పడ్డాడు. రిటైరైన బస్సు కండక్టరు పసుపన్నాడు. ఆసుపత్రి నర్సు, పసుపు కాదు, ఆకుపచ్చ, నైట్ డ్యూటీకి వెళ్తూ రోజూ ఒక ఆట ఆడేదాన్ని, నాకు తెలీదా, అంది. కండక్టరు ఆ మాట తేల్చుకోవడానికి క్లబ్బుకొచ్చాడు. నర్సు తన సాక్షిగా చెల్లెల్ని తెచ్చింది. గేటు మూసిన రోజు మాటా మాటా అనుకుని విడిపోయిన ఇద్దరు పాత షిఫ్టువాళ్ళు ఎరుపు దగ్గర మళ్ళీ కలిశారు. ఎవరో కుర్చీలు తెచ్చారు. ఎవరో టీ కెటిల్ తెచ్చారు. మేనకోడలు మెషిన్ దాకా చేరాలంటే మోచేతుల్లోంచి దూరాల్సి వచ్చేది.

"కాస్త జరగండి. పని చేసుకోనివ్వండి," అనేది ఆమె.

"నువ్వు చేసుకో తల్లీ, మేం మాట్లాడుకుంటాం," అనేవారు వాళ్ళు.

సమావేశం రేపనగా ఆమె సహనం చచ్చింది. మామయ్యని వరండాలోకి లాక్కొచ్చింది.

"ఇవాళొక్కటే ఉంది మామయ్యా. ఏదో ఒక రంగు వేసెయ్."

"ఎవరిది?"

"ఎవరిదైతేనేం?"

"మిగతావాళ్ళు ఏమనుకుంటారో."

"నేను మాటిచ్చాను. మెషిన్ లేకపోతే గది పోతుంది, గది పోతే మళ్ళీ రాదు. వాళ్ళ సంగతి వదిలెయ్. నువ్వేమంటావు?"

మామయ్య ఆమెని వింతగా చూశాడు. "నేనా?" అన్నాడు, తన పేరు మొదటిసారి విన్నవాడిలా. "నేనేమంటాను, అందరూ అంటుంటే వింటాను." అని లోపలికి వెళ్ళిపోయాడు. లోపల ఎరుపుకీ ఆకుపచ్చకీ గొంతులు లేచాయి.

మధ్యాహ్నం జనం భోజనాలకి వెళ్ళారు. మామయ్య కూడా వెళ్ళాడు. మేనకోడలు తిండి మానేసి మెషిన్ వెలిగించి, గుండు వదిలింది. గంటలు మోగాయి, దీపాలు వెలిగాయి. గుండు జారి రేకు కిందికి పోయింది. మళ్ళీ బయటికి రాలేదు. చెయ్యి దూర్చింది, తగల్లేదు. పెట్టె తట్టింది, కదల్లేదు. తుప్పో గిప్పో, ఆ రేకు విప్పక తప్పదు.

మెల్లగా మొదటి మరకి స్క్రూడ్రైవర్ పెట్టింది. వెన్నలో గరిటెలా తిరిగింది. రెండోదీ అంతే. వేళ్ళు చూసుకుంది. నూనె.

రేకు ఎత్తింది. పలక అంచున చిన్న గొడుగుల వరుస ఉంది. పెద్ద గొడుగుకి పిల్లల్లాంటివి. సగం రేకు బయట, సగం రేకు కింద. బయటి సగాలు ఎండకి, గుండుకి పోయాయి. కింది సగాల మీద ఇన్నేళ్ళూ వెలుతురు పడలేదు. అవి నిన్న వేసినట్టున్నాయి. మంచి నిగనిగలాడే వంకాయ రంగు.

ఊళ్ళో ఒక్కరూ అనని రంగు.

గొడుగుల పక్కన ఒక చెక్కముక్క ఇరికించి ఉంది. గుండు దాని దగ్గరే ఆగింది. చెక్కముక్క మీద అదే వంకాయ రంగు. పలక మీద ఆనించి చూస్తే ఎక్కడ పాతది ఆగిందో, ఎక్కడ కొత్తది మొదలైందో తెలియలేదు. అంచు పొగలా మాసిపోతోంది. సన్నసూది, పైగిన్నె, నీళ్ళ రంగు. చెక్కముక్క మీద మందంగా దుమ్ము కూడా ఉంది. అంటే, వీధిలో మొదటి తలుపు తట్టకముందే మామయ్య బ్రష్షు ఎంచుకున్నాడు, రంగు కలిపాడు, పొర వేసి చూశాడు, దాచిపెట్టాడు.

ఆమె ఒంటికాలి మీద లేచి వెళ్ళింది. ఇంట్లో అత్తయ్య బఠాణీలు ఒలుస్తోంది.

"అత్తయ్యా, గొడుగు ఏ రంగు?"

"వంకాయ రంగు," అంది అత్తయ్య తలెత్తకుండా.

మేనకోడలు నేలమీద కూలబడింది. "నీకెలా తెలుసు?"

"పెళ్ళయిన కొత్తలో మీ మామయ్యని ఆ మెషిన్ మీద రోజూ ఓడించింది ఎవరనుకున్నావు?"

"మరి చెప్పవేం?"

"అడిగితేగా. నన్నడిగితే ఆ పూటే తేలిపోతుంది. తేలిపోతే ఎవరిళ్ళకి వాళ్ళు పోతారు." అత్తయ్య ఒక కాయ విరిచింది. "బోర్డులాయన గడ్డం గీసుకుని ఎంతకాలమైందో తెలుసా? గేటు మూశాక ఈ వీధిలో ఎవర్నీ ఎవరూ ఏదీ అడగడం మానేశారు. ఏం తింటావనీ అడగరు, ఏం చేద్దామనీ అడగరు. నన్నెవరూ ఏమీ అడగరు అని తెలిశాక మనిషి మంచం దిగి ఏం చేస్తాడు? నువ్వేమో మెషిన్ వెలిగితే జనం వస్తారంటావు."

"మామయ్య?"

"జనం వస్తే మెషిన్ దానంతటదే వెలుగుతుందంటాడు. అంటే, అనడు. ఆయన ఎప్పుడు ఏమన్నాడు కనక?"

"అంటే ఇదంతా ముందే అనుకుని చేశాడా?"

"అనుకునా? చేతిరుమాలు మడవలేని మనిషి. ఏమో మరి. అడిగి చూడు, నువ్వేమంటావంటాడు."

మేనకోడలికి నవ్వొచ్చింది. అది ఆపుకుని, "నిన్ను అడగలేదని కోపం లేదా?" అంది.

"ఎందుకు లేదు? కుండెడుంది. గది సంగతి తేలనీ. అప్పటికీ అడక్కపోతే ఆయన రెండో చెవి సంగతి కూడా చూస్తాను."

మేనకోడలు తిరిగి క్లబ్బుకి వెళ్ళింది. గుండు తీసింది. చెక్కముక్కని గుండుకి అడ్డం రాకుండా కొంచెం పక్కకి జరిపి, అక్కడే ఉంచింది. రేకు పెట్టి మరలు బిగించింది.

మర్నాడు కార్యదర్శి రిజిస్టరు పట్టుకుని వచ్చి గుమ్మంలో ఆగిపోయాడు. కుర్చీలు చాలలేదు. కిటికీ గట్ల మీద కూర్చున్నారు. ఎరుపువాళ్ళు ఒకవైపు, ఆకుపచ్చవాళ్ళు ఒకవైపు, పసుపు కండక్టరు ఒంటరిగా తలుపు దగ్గర. మూలన మెషిన్ దీపాలన్నీ వెలుగుతున్నాయి. మధ్యలో అమ్మాయి గొడుగు లేకుండా కర్ర పట్టుకుని సైకిలు తొక్కుతోంది. కార్యదర్శి తలలు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. వాదించుకోవడానికి జనం అటూ ఇటూ మారుతుండటంతో లెక్క తప్పి, మళ్ళీ మొదలుపెట్టి, మానేశాడు.

"కోరం ఉందనే అనుకుందాం," అని గొంతు సవరించుకున్నాడు. "ఈ గదిని పార్సిళ్ళ కంపెనీకి..."

"ఆగవయ్యా," అన్నాడు బోర్డుల ఆర్టిస్టు. "ఫ్యాక్టరీ అడక్కుండా మూశారు. రోడ్డు అడక్కుండా తిప్పేశారు. ఈ గది మూసేదైతే అడిగి మూయండి. మేమంతా ఇక్కడే ఉన్నాం."

కార్యదర్శి జనాన్ని చూశాడు. స్టోర్స్‌లో జీవితమంతా చీటీలు చూసి సామాను ఇచ్చిన మనిషి. ఎవరినీ ఏమీ అడిగి ఎరగడు. ఆ మాట నోటికి తిరగడానికి కాస్త సమయం పట్టింది.

"సరే," అన్నాడు. "మీరేమంటారు?"

చేతులే లేచాయి. ఎరుపు చేతులు, ఆకుపచ్చ చేతులు, నారింజ, నీలం. పసుపు కండక్టరు రెండు చేతులూ ఎత్తాడు. గది గదిగానే ఉండాలని కార్యదర్శి రిజిస్టర్లో రాసుకున్నాడు. రాసి, కలం మూత పెట్టి, ఎవరికీ వినబడనట్టు, "ఇంతకీ అది ముదురాకుపచ్చ. లేతది కాదు," అన్నాడు.

అందరికీ వినబడింది. గది మళ్ళీ భగ్గుమంది. సద్దుమణిగేసరికి అందరి కళ్ళూ మామయ్య మీదున్నాయి. గది ఎలాగూ దక్కింది. ఇక రంగు తేలాల్సిందే.

మామయ్య తన అలవాటు చొప్పున పక్కకి తిరిగాడు. పక్కన మేనకోడలు ఉంది. "అమ్మడూ, నువ్వేమంటావు?"

ఆమె మెషిన్ వైపు చూసింది. రేకు వైపు చూసింది. పెయింటరు ముందుకి వంగాడు. కేకులావిడ కళ్ళు మూసుకుంది. బోర్డుల ఆర్టిస్టు భూతద్దం తుడుచుకుంటున్నాడు.

"నాకంత బాగా గుర్తులేదు మామయ్యా," అంది. "ఇంకొంచెం మందిని అడిగితే నయం."

మామయ్య చూపు ఆమె వేళ్ళ మీద పడింది. గోళ్ళ సందుల్లో నూనె ఇంకా పోలేదు. ఆయన జేబులోంచి చేతిరుమాలు తీసి, ఎవరినీ అడక్కుండా ఒక మడత పెట్టి, ఆమెకి ఇచ్చాడు.

తర్వాత గది అంచున, గోడకి ఆనుకుని నిలబడ్డ అత్తయ్య వైపు తిరిగాడు. గొంతు ఒకసారి సవరించుకున్నాడు. పెళ్ళి మాటలనాటి గొంతు అది.

"ఏమే, నువ్వేమంటావు?"

గది గదంతా ఆమె వైపు తిరిగింది. అత్తయ్య ఆ మొహాలన్నిటినీ ఒక్కొక్కటే చూసింది. తొందరపడలేదు. ఇన్నేళ్ళు ఆగిన మనిషి.

"ఇంకా చర్చల్లో ఉంది," అంది.